అమ్మీ పాదాలు

(ముస్లిం మహిళల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. 31 సంవత్సరాలు ప్రభుత్వ పాఠశాలలో గణితం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టి పిల్లలను చదివించిన ఒక తల్లికి కూతురిని. 11 ఏళ్లుగా షుగరుతో బతుకుతున్నదానిని. ఈ మూడింటిలో మూడవ అర్హతను చూసి నన్ను ఇక్కడికి పిలిచారు. నేను మాత్రం రెండవ దానితో మొదలుపెడతాను.

మా అమ్మీ పగలంతా చాట ఒళ్లో పెట్టుకుని, కాళ్లు మడుచుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, ఇదే ఆమె దినచర్య. 48వ ఏట షుగరు బయటపడింది. డాక్టరు రాసిన మాత్రలు మూడు నెలలు వాడింది. దాహం తగ్గింది. రాత్రిపూట పదేపదే లేవడం తగ్గింది. "ఇప్పుడు బాగానే ఉన్నాను కదా బేటీ, ఈ మాత్రల డబ్బు తమ్ముడి ఫీజుకు పనికొస్తుంది" అని మానేసింది. మేమూ సంతోషించాం. రోగం నయమైపోయిందనే అనుకున్నాం.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఒక చలికాలం రాత్రి అమ్మీ అంగీఠీ ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది. అరికాలు కాలింది. ఆ సంగతి ఆమెకే తెలియలేదు. తెల్లవారి బొబ్బ కనిపిస్తే పసుపు రాసి గుడ్డ కట్టుకుంది. మూడు వారాలు మాకెవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి వెళితే మగ డాక్టరు కాలు పట్టి చూస్తాడన్న సంకోచం ఒకటి, ఖర్చు భయం మరొకటి. వాసన వచ్చిన తరువాత నాకు తెలిసింది. అప్పుడు పరుగెత్తాం. ఆసుపత్రిలో కట్టు విప్పిన ఉద్యోగి ఆమె బురఖా వైపు చూసి, "మీ ఆడవాళ్లు ఇంతే, కుళ్లిన తరువాతే వస్తారు" అన్నాడు. ఆ మాటకు అమ్మీ ముఖం పక్కకు తిప్పుకుంది. ముందు రెండు వేళ్లు తీశారు. నెల తిరక్కముందే మోకాలి కింద కాలు తీశారు.

తల్లి పాదాల చెంత స్వర్గం ఉందని చిన్ననాటి నుంచి విన్నాను. తరగతి గదిలో పిల్లలకూ చెప్పాను. కాని ఆ పాదాలను ఒక్కసారైనా చేతిలోకి తీసుకుని అడుగుభాగం చూడలేదు. వందల జవాబు పత్రాలు దిద్దిన కళ్లు నావి. ఇంట్లో ఉన్న ఒక్క అరికాలును చూడలేకపోయాయి. ఆ ఉద్యోగి మాట తప్పే. అయితే నా తప్పు దానికన్నా చిన్నది కాదు. ఈ రెండు తప్పుల గురించే ఈరోజు మాట్లాడతాను. ఒకటి మన ఇంటిలోనిది, రెండవది ప్రభుత్వ వ్యవస్థలోనిది. మొదటిదాన్ని మనమే సరిదిద్దుకోవాలి. రెండవదాన్ని నిలదీసి సరిచేయించుకోవాలి.

ముందుగా ఈ రోగం స్వభావం తెలుసుకుందాం. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది, పన్ను నొస్తే నిద్ర పట్టదు. షుగరు, బీపీ అలా చెప్పి రావు. ఏళ్ల తరబడి ఏ నొప్పీ లేకుండా కంటిని, మూత్రపిండాన్ని, గుండెను, నరాలను లోలోపల తింటాయి. నరాలు మొద్దుబారితే దెబ్బ తగిలినా నొప్పి తెలియదు. మా అమ్మీ కాలు కాలడానికి నిప్పు ఎంత కారణమో, నొప్పి తెలియకపోవడం అంతే కారణం. అందుచేత "బాగానే ఉన్నాను కదా" అన్న మాట ఈ రోగంలో చెల్లదు. బాగున్నామో లేదో చెప్పవలసింది రక్త పరీక్ష.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. కనుక ఇది ఒక ఇంటి రహస్యం కాదు, ఎవరో చేసిన పాపానికి శిక్షా కాదు. పరగడుపున రక్తంలో చక్కెర 126 లేదా అంతకు మించి ఉన్నట్టు మళ్లీ చేసిన పరీక్షలోనూ తేలితే అది మధుమేహం. హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది. అది 6.5 శాతం లేదా అంతకు మించి ఉంటే రోగం ఉన్నట్టు. చాలామందికి దాన్ని 7 లోపు ఉంచుకోమని డాక్టర్లు చెబుతారు. గణితం టీచరుగా ఒక్క మాట చెబుతాను. ఒక రోజు మార్కులు చూసి పిల్లవాడి చదువును అంచనా వేయలేం, సగటు చూడాలి. పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం మానేసి డాక్టరుకు మంచి అంకె చూపించి వచ్చేవారు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. మూడు నెలల సగటును మాత్రం ఎవరూ మభ్యపెట్టలేరు.

ఇక మన ఇళ్లలో వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి జవాబు చెప్పుకోకుండా ముందుకు పోలేం.

"నసీబ్‌లో ఉన్నది జరుగుతుంది" అంటారు. ఒంటెను కట్టిన తరువాతే అల్లాహ్ మీద భారం వేయాలన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలుసు. వైద్యం చేయించుకోమని కూడా ఆయన చెప్పారు. మాత్ర వేసుకోవడం ఒంటెను కట్టడమే. కట్టకుండా వదిలేసి విధిని నిందించడం విశ్వాసం అనిపించుకోదు.

"మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలి" అంటారు. నిజమే, చాలామందికి అలాగే జరుగుతుంది. కళ్లద్దాలు పెట్టుకున్నవారు కూడా జీవితాంతం పెట్టుకుంటారు. దానికి ఎవరమూ సిగ్గుపడం. "ఇంగ్లీషు మందులు కిడ్నీలు పాడుచేస్తాయి" అని మరికొందరి భయం. కిడ్నీలను ఎక్కువగా పాడుచేసేది అదుపులో లేని షుగరు, అదుపులో లేని బీపీ. దుకాణంలో అడిగి తెచ్చుకుని ఏళ్ల తరబడి మింగే నొప్పి మాత్రలు కూడా. భయపడవలసిన వాటికి భయపడకుండా, కాపాడే మందుకు భయపడుతున్నాం. సంవత్సరానికి ఒకసారి మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయిస్తే కిడ్నీ సంగతి ముందే తెలుస్తుంది.

"ఇన్సులిన్ అంటే ఇక ఆఖరి దశ" అన్న మాట అన్నిటికన్నా ఎక్కువ హాని చేసింది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో 14 ఏళ్ల బాలుడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలు కొద్దికాలంలోనే మరణించేవారు. దాని పేటెంటు హక్కును నామమాత్రంగా ఒక డాలరుకే టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. ఆ మందు చావుకు గుర్తు కాదు, చావు నోటినుంచి పిల్లలను వెనక్కి తెచ్చిన మందు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు అది అన్నం నీళ్లలాగే అవసరం. ఒక పూట కూడా ఆపకూడదు. అటువంటి ఆడపిల్ల ఇంట్లో ఉంటే పెళ్లి సంబంధం చెడుతుందని దాచిపెట్టేవారున్నారు. అత్తవారింట్లో స్నానాల గదిలో దాక్కుని సూది వేసుకునే కోడళ్లున్నారు. దాచిన నిజం రేపు కాన్పు సమయంలో తల్లికీ బిడ్డకూ ప్రాణాల మీదికి తెస్తుంది. సంబంధం కుదిరేముందే చెప్పండి. ఆ నిజం విని వెనుదిరిగే ఇల్లు మీ అమ్మాయికి తగిన ఇల్లు కాదు.

ఇప్పుడు పాదాల దగ్గరకు వస్తాను.

మనం నమాజు కోసం రోజుకు ఐదుసార్లు వుజూ చేస్తాం. ఐదుసార్లు మన చేయి మన పాదం మీదికి వెళుతుంది. షుగరు రోగిని రోజుకు ఒకసారైనా కాళ్లు చూసుకోమని డాక్టర్లు బతిమాలుతుంటారు. మనకు ఆ అవకాశం ఐదుసార్లు దొరుకుతోంది. వుజూ చేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి అడుగుభాగం చూడండి. వంగలేకపోతే చిన్న అద్దం నేల మీద పెట్టి చూడండి. పగులు, బొబ్బ, ఎరుపు, వేళ్ల మధ్య తెల్లగా మెత్తబడిన చర్మం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే చూపించండి. కడిగిన తరువాత వేళ్ల మధ్య తడి లేకుండా మెత్తని గుడ్డతో తుడవండి. తడి నిలిస్తే అక్కడ పుండు మొదలవుతుంది. చలికాలంలో వేడినీళ్లలో నేరుగా కాలు పెట్టకండి, ముందుగా మోచేతితో చూడండి. మొద్దుబారిన కాలు వేడిని తెలుసుకోలేదు.

అన్నదమ్ములకు ఒక మాట. ఎండాకాలం జుమా రోజు మసీదు లోపల చోటు చాలక బయట బండల మీద బారులు తీరుతారు. ఆ బండలు కాలిపోతుంటాయి. షుగరు ఉన్న పెద్దవారి అరికాళ్లు ఆ పది నిమిషాల్లో బొబ్బలెక్కినా వారికి తెలియదు. మసీదు కమిటీలు అక్కడ చాపలు పరిపించాలి, నీడ ఏర్పాటు చేయాలి. మేజోళ్లు వేసుకుని నిలబడడానికి ఎవరూ మొహమాటపడనవసరం లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. మా ఇంట్లో ఒక కాలు పోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేకపోయింది.

రంజాన్ గురించి చెప్పకుండా ఈ మాట పూర్తి కాదు. రోగులకు, ప్రయాణికులకు రోజా నుంచి ఖుర్ఆన్ స్వయంగా వెసులుబాటు ఇచ్చింది. తరువాతి రోజుల్లో పూర్తి చేసుకోవచ్చు. ఇక ఎప్పటికీ ఉండలేని స్థితి ఉన్నవారికి పేదవారికి అన్నం పెట్టే ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని తీసుకోవడం నామోషీ అని మన పెద్దవాళ్లు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. మా అమ్మీ కూడా అలాగే అనుకునేది. అందరూ రోజా మానాలని నేను అనడం లేదు. మాత్రలతో షుగరు అదుపులో ఉన్నవారు చాలామంది డాక్టరు సలహాతో క్షేమంగా ఉండగలరు. అయితే రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వెళ్లి అడగాలి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. వాటి మోతాదు, వేళ మార్చవలసి ఉంటుంది. ఆ మార్పు డాక్టరు చేయాలి. పొరుగింటి ఆపా చెప్పిందని మనం చేసుకోకూడదు. కిడ్నీ జబ్బు ముదిరినవారు, షుగరు ఉన్న గర్భిణులు, టైప్ 1 రోగులు, తరచుగా చక్కెర పడిపోయేవారు ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు.

రోజాలో ఉండగా వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే రోజా భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. అంకె 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విడవాలి. చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే అంకె కోసం కూడా ఆగవద్దు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. ఇఫ్తార్‌కు ఇంకా పది నిమిషాలే ఉంది కదా అని ఓర్చుకోవద్దు. సహరీ మానకండి, వీలైనంత ఆలస్యంగా తినండి. ఇఫ్తార్‌లో ఒకటి రెండు ఖర్జూరాలు, నీళ్లు చాలు. రూహ్ అఫ్జా గ్లాసులు, మిర్చీ బజ్జీలు, హలీము, ఆపైన డబుల్ కా మీఠా ఒకే పూట కడుపులో పడితే పగలంతా చేసిన ఉపవాసం వల్ల శరీరానికి కలిగిన మేలు ఆ గంటలోనే పోతుంది.

ఇంటి పెద్దలకు మరొక మనవి. షుగరు ఉన్న స్త్రీకి వేరే వంట, వేరే కంచం అంటే ఆమె ఎన్నటికీ వండుకోదు. అందరికీ బగారా అన్నం వండి, తనకోసం జొన్నరొట్టె చేసుకునే ఓపిక ఏ తల్లికి ఉంటుంది? అందరూ తిని మిగిలినది తినడమే ఆమె అలవాటు. కాబట్టి ఇంటి భోజనమే మారాలి. అన్నం తగ్గి పప్పు, ఆకుకూర, గుడ్డు పెరిగితే ఇంట్లో ఎవరికీ నష్టం లేదు. నడవడానికి వీధిలో వీలుకాకపోతే మిద్దె మీద నడవనివ్వండి. ఆమె నడిచే అరగంట చంటిపిల్లను భర్తో, అత్తగారో ఎత్తుకోండి. రోగికి మందు ఎంత ముఖ్యమో ఆ అరగంటా అంత ముఖ్యమే.

ఇంతవరకు మన ఇంటి తప్పు చెప్పాను. ఇక రెండవది.

అమ్మీ కాలు తీసే శస్త్రచికిత్సకు ప్రభుత్వ పథకం ఆదుకుంది. మాకు పైసా ఖర్చు కాలేదు. దానికి కృతజ్ఞత ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. కాని ఒక లెక్క నన్ను ఈనాటికీ వదలదు. ఆసుపత్రిలో చేరి కాలు తీయించుకునే రోగికి పథకం డబ్బు చెల్లిస్తుంది. ఆ కాలు పోకుండా కాపాడే రోజువారీ మాత్ర దాని పరిధిలోకి రాదు. ఆ మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దొరకాలి. అక్కడ దొరకకపోతే పేదవాడు మందు మానేస్తాడు. మానేసిన తరువాత కొన్నేళ్లకు పెద్దాసుపత్రికి చేరతాడు. తక్కువ ఖర్చుతో అయ్యే పనిని వదిలేసి ఎక్కువ ఖర్చు దగ్గర ఆదుకోవడం ఏ గణితం?

అందుకే మన హక్కుల పోరాటంలో ఈ మాత్రకు చోటు కావాలి. ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, భద్రత, వీటి గురించి మనం సభలు పెడుతున్నాం. పెట్టాలి. ఆరోగ్య కేంద్రంలో మెట్‌ఫార్మిన్ నెల రోజులుగా లేదని ఎన్ని వినతిపత్రాలు ఇచ్చాం? 2006లో సచార్ కమిటీ నివేదిక ముస్లింలు ఎక్కువగా ఉన్న గ్రామాల్లో వైద్య సదుపాయాల లోటును ఎత్తిచూపింది. ఆ నివేదికలో చదువు, ఉద్యోగాల పేజీలను మనం కంఠస్థం చేశాం. వైద్యం పేజీని తిప్పేశాం.

చట్టం మన వైపే ఉంది. పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు తీవ్రంగా దెబ్బ తగిలితే, పడకలు లేవంటూ ఒక ప్రభుత్వాసుపత్రి తరువాత మరొకటి తిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. వ్యవసాయ కూలీల సంఘం అతని తరఫున సుప్రీంకోర్టుకు వెళ్లింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని 1996లో కోర్టు తీర్పు చెప్పింది. 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. గమనించండి, ఆ తీర్పును సాధించింది కూలీల సంఘం. 2023లో రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అటువంటి చట్టం కావాలని మనం అడగాలి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ షుగరు, బీపీ పరీక్షలు ఉచితంగా చేయాలి. మన వాడకు ఆశా కార్యకర్త వచ్చిందా, పేర్లు రాసుకుందా అడగండి. రాకపోతే ఆరోగ్య కేంద్రంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి, వాటిని వాడుకోండి. మందులు లేవంటే, ఎన్ని నెలలుగా లేవో సమాచార హక్కు చట్టం కింద అడగండి. పది రూపాయల రుసుముతో సంబంధిత శాఖను సమాధానం చెప్పించగల హక్కు అది. బయట కొనక తప్పకపోతే జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు ఉంటుంది. డాక్టరును మందు అసలు పేరు రాయమని కోరండి.

గౌరవం కూడా వైద్యంలో భాగమే. పుండు చూసేటప్పుడు పక్కన ఒక నర్సును ఉంచమని, తెర వేయమని అడగడం రోగి హక్కు. ఉర్దూ తప్ప రాని ముసలమ్మకు మందు వేళ అర్థమయ్యేలా చెప్పడం ఆసుపత్రి బాధ్యత. మతాన్నో దుస్తులనో ఎత్తి అవమానిస్తే తేదీ, వేళ రాసుకుని సూపరింటెండెంటుకు ఫిర్యాదు ఇవ్వండి. ఆనాడు నేను ఇవ్వలేదు. అమ్మీ వారి చేతుల్లో ఉందని భయపడ్డాను. ఆ మాట తరువాత ఇంకెందరు తల్లులు విన్నారో నాకు తెలియదు. అవమానానికి భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్లడం, ఆలస్యంగా వెళ్లినందుకు మళ్లీ అవమానపడడం, ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంచాలి.

చివరగా జమాఅత్ పెద్దలకు మూడు విన్నపాలు. ప్రతి మసీదులో ఒక గ్లూకోమీటరు, ఒక బీపీ యంత్రం ఉంచండి. నెలకు ఒక ఆదివారం స్త్రీలకు స్త్రీలే పరీక్షలు చేసే ఏర్పాటు చేయండి. రంజాన్‌కు రెండు నెలల ముందు జుమా ఖుత్బాలో ఇమామ్ సాహెబ్ రోగుల వెసులుబాటు గురించి చెప్పాలి. డాక్టరు వంద సార్లు చెప్పినా కదలని పెద్దవాళ్లు ఆయన ఒక్క మాటకు కదులుతారు. మూడవది, జకాత్‌కు అర్హులైన రోగుల మందులను, ముఖ్యంగా ఇన్సులిన్‌ను, ఉలమాలను సంప్రదించి ఏడాది పొడవునా అందించే మార్గం చూడండి. రంజాన్‌లో ఇచ్చే చీర మరుసటి రంజాన్ దాకా కట్టుకోవచ్చు. రంజాన్‌లో ఇచ్చే మందు షవ్వాల్ రాకముందే అయిపోతుంది.

అమ్మీ ఆ తరువాత నాలుగేళ్లు బతికింది. ఆ నాలుగేళ్లూ మాత్ర ఒక్క పూట తప్పలేదు. నేనే వేశాను. రోజూ రాత్రి మిగిలిన ఆ ఒక్క పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, వేళ్ల మధ్య తుడిచి, నూనె రాసేదాన్ని. ఒకనాడు ఆమె నవ్వి, "రెండూ ఉన్నప్పుడు చూడలేదు గదా బేటీ" అంది. కోపంగా అనలేదు. ఆ మాటకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. అందుకే ఊరూరా తిరిగి ఈ మాట చెబుతున్నాను.

ఈ సభ ముగిసి ఇళ్లకు వెళతారు. ఇషా నమాజు తరువాత మీ అమ్మీ పక్కన కూర్చోండి. ఆమె కాళ్లు మీ ఒళ్లోకి తీసుకోండి. దీపం దగ్గరగా పెట్టి అరికాళ్లు చూడండి. ఆమె సిగ్గుపడి లాక్కుంటుంది, అయినా వదలకండి. రేపు ఉదయం ఆమెను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఉంటే తీసుకోండి. లేకపోతే ఎందుకు లేదో అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకుని రండి.

అల్లాహ్ మన తల్లులను మన కళ్లముందు, వారి కాళ్లమీద నిలబడేలా చల్లగా ఉంచుగాక. ఆమీన్.